16 ఎపిసోడ్లది ఒక లెక్క, 10 ఎపిసోడ్లది ఇంకో లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లాక్‌డౌన్‌లో ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ చూసి పిచ్చెక్కిపోయారు, ఆ ఊపులో ఏడెనిమిది కొరియన్ డ్రామాలు లాగించేశారు, ఇప్పుడు ఏది మొదలుపెట్టినా పదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోతోంది. మార్పు కోసం జపాన్‌వి పెడితే రెండో ఎపిసోడ్‌కే కునుకు పడుతోంది. లోపం మీలో ఉందా, డ్రామాల్లో ఉందా, ఈమధ్య వచ్చినవాటిలో చూడదగ్గవి ఏవి అని.

ముందే చెప్పేస్తున్నా, నేను విమర్శకురాలిని కాదు. కొరియన్ రాదు, జపనీస్ అంతకన్నా రాదు. రాజమండ్రిలో ఫార్మసిస్టుని. 2012లో ఎం.ఫార్మసీ చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ చూసి ఇందులో పడ్డాను, ఇప్పటికీ బయటికి రాలేదు. రాత్రి వంటిల్లు సర్దేసి, పిల్లాడు పడుకున్నాక ఒక ఎపిసోడ్, అదీ నిద్ర రాకపోతే. అంతే నా అర్హత. కాకపోతే ఇన్నేళ్లలో ఎక్కడ విసుగొస్తుందో, ఎందుకొస్తుందో కొంచెం అర్థమైంది.

మీకు పదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోవడం చాలా మామూలు విషయం. లెక్క చూడండి. కొరియా టీవీ డ్రామా అంటే ఎక్కువగా 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట నుంచి గంటా పావు, వారంలో వరసగా రెండు రోజులు వేస్తారు. 70 నిమిషాల చొప్పున చూసుకున్నా దాదాపు 19 గంటలు. జపాన్‌లో టీవీ వాళ్లు ఏడాదిని నాలుగు ముక్కలు చేసుకున్నారు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో కొత్తవి మొదలవుతాయి, మూడు నెలల్లో అయిపోవాలి, వారానికి ఒక్కటే. అంటే పదో పదకొండో ఎపిసోడ్లు, ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి 45 నిమిషాల చిల్లర. మొత్తం కలిపి ఎనిమిది గంటలు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, కథ ఎలా ఉండాలో చాలావరకు ఈ లెక్కే తేల్చేస్తుంది.

19 గంటలు ఉన్నాయంటే హీరో హీరోయిన్ల కథ ఒక్కటే సరిపోదు. హీరోయిన్ ఆఫీసు, ఆఫీసులో పనిచేసేవాళ్ల ఇళ్లు, ఇంటి ఓనరు, ఓనరు కూతురి ప్రేమ, అన్నీ కావాలి. కొరియన్ డ్రామాల బలం నిజానికి అక్కడే ఉంది, వంటింట్లో నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్లిపోయే పిన్నిగారికి కూడా ఒక బతుకు ఉంటుంది. కానీ పదో ఎపిసోడ్ వచ్చేసరికి ఇద్దరూ ప్రేమించుకోవడం అయిపోతుంది, ఇంకా ఏడు గంటల సినిమా మిగిలి ఉంటుంది. ఏం చేస్తారు? ‘నీ మంచికోసమే వెళ్లిపోతున్నా’ అని ఒకరు వెళ్లిపోతారు. లేదా చిన్నప్పుడు వాళ్లిద్దరూ ఎక్కడో కలిశారని తెలుస్తుంది. లేదా లారీ గుద్దుతుంది. ఆ లారీ డ్రైవరు ఒక్కడే అన్ని డ్రామాల్లోనూ పనిచేస్తున్నాడని మా చెల్లెలి అనుమానం.

దీనికి తోడు ఒకప్పటి షూటింగుల పద్ధతి. డ్రామా టీవీలో వస్తూ ఉండగానే మిగతాది తీసేవాళ్లు, సెట్లోకి ఆ రోజు సీను కాగితం ముక్కల్లో వచ్చేది, దానికి అక్కడ వేరే పేరే ఉంది, జ్జోక్‌దేబోన్ అంటారు, చీటీ స్క్రిప్టు అనుకోండి. చూసేవాళ్లు ఎవరిని మెచ్చుకుంటే కథ అటు వంగేది. 2016లో ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ మొత్తం ముందే తీసేసి తర్వాత ప్రసారం చేశారంటే అప్పట్లో అదొక విశేషం. ఓటీటీలు వచ్చాక ముందే తీయడం పెరిగింది, పాతవాటిలో ఆఖరి నాలుగు ఎపిసోడ్లు ఎందుకు అలా తేలిపోతాయో మాత్రం దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంకోటి, అందరూ ప్రతి డ్రామాలోనూ అదే సాండ్‌విచ్ షాపుకి ఎందుకు వెళ్తారు అని మీకు అనిపించే ఉంటుంది. కొరియాలో ప్రధాన ఛానెళ్లకి కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేసే అనుమతి 2021 జూలై దాకా లేదు. మధ్యలో ఆపి ప్రకటన వేయలేనప్పుడు ప్రకటనని కథలోకే తెచ్చేశారు. హీరో ఏడుస్తూ కూడా విటమిన్ పొడి పాకెట్ చింపి నోట్లో పోసుకుంటాడు. మందులషాపు మనిషిని కాబట్టి నాకు అది చూస్తే ఒళ్లు మండుతుంది, బాధలో ఉన్నవాడికి విటమిన్ ఏంటి?

సరే, ఈమధ్య చూసినవాటిలోకి వస్తాను.

‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్’ చూడకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి అది చూడండి. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 16 ఎపిసోడ్లే కానీ ఒకేసారి వదల్లేదు, వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాలు, వసంతం నుంచి చలికాలం దాకా నాలుగు రుతువుల్లా ఇచ్చారు. జెజూ ద్వీపంలో 1951లో పుట్టిన ఏసున్ అనే పిల్ల, ఆమె వెనకే తిరిగే గ్వాన్‌షిక్, వాళ్ల పెళ్లి, పిల్లలు, ముసలితనం. కథగా చెప్పాలంటే అంతే. ఏసున్ తల్లి హేన్యో, అంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి దిగి నత్తలు, గుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్లలో ఒకతె. జెజూలో ఇప్పటికీ వాళ్లున్నారు, ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. తల్లి పాత్ర వేసిన యోమ్ హే-రాన్ కనిపించేది కాసేపే అయినా, చివరి ఎపిసోడ్ దాకా ఆవిడ ఇంట్లోనే తిరుగుతున్నట్టు ఉంటుంది. నటి ఐయు అయితే కుర్ర ఏసున్‌గా, ఏసున్ కూతురిగా రెండు పాత్రలూ చేసింది.

ఇది మా అత్తగారితో కలిసి చూశాను. ఆవిడకి సబ్‌టైటిల్స్ చదవడం కష్టం, నేను పక్కన కూర్చుని చెప్తూ ఉండేదాన్ని. ఒక సీనుంటుంది, అత్తింట్లో మగవాళ్లకి ఒక బల్ల, ఆడవాళ్లకి ఇంకో బల్ల, ఏసున్ ఆ చిన్న బల్ల దగ్గర కూర్చుని తింటూ ఉంటుంది. గ్వాన్‌షిక్ మగవాళ్ల బల్ల దగ్గర్నుంచి వెనక్కి తిరిగి భార్యవైపు కూర్చుని తినడం మొదలుపెడతాడు. ఒక్క మాట అనడు. మా అత్తగారు నేను చెప్పకముందే, “వాడు తిరిగాడు చూడు, వాడు తిరిగాడు” అన్నారు. ఆవిడ పెళ్లై వచ్చినప్పుడు ఇక్కడా అంతేనట, మగవాళ్ల పంక్తి లేచాకే ఆడవాళ్లకి విస్తరి. మావయ్యగారు ఎప్పుడైనా అలా తిరిగారా అని అడగబోయి ఊరుకున్నాను.

దాని కొరియన్ పేరు జెజూ యాసలో ఉంటుంది. ‘చాలా కష్టపడ్డారు’ అని పెద్దవాళ్ల శ్రమని గుర్తించి అనే మాట అది, కానీ అదే మాట సియోల్ వాళ్ల చెవికి ‘నిలువునా మోసపోయారు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషు పేరు పెట్టినవాళ్లు ఈ మెలిక వదిలేసి, ‘బతుకు నిమ్మకాయలిస్తే నిమ్మరసం చేసుకో’ అనే ఇంగ్లీషు సామెతని జెజూ కమలాలకి మార్చి సరిపెట్టారు. శ్రీకాకుళం మాటని బెజవాడలో ఇంకోలా అర్థం చేసుకోవడం చూసినవాళ్లం కాబట్టి మనకి ఇది పట్టుబడుతుంది. ఒక్క ఫిర్యాదు ఉంది, కూతురి ప్రేమకథ వచ్చే ఎపిసోడ్లలో బండి కాస్త నెమ్మదిస్తుంది. అక్కడ ఓపిక పట్టండి. మీ పదో ఎపిసోడ్ జబ్బు ఇందులో రాదు, ఎందుకంటే ఇందులో ఒక ప్రేమని 16 ఎపిసోడ్లకి సాగదీయలేదు, ఒక జీవితాన్ని 16 ఎపిసోడ్లకి కుదించారు.

దర్శకుడు కిమ్ వోన్-సోక్. ఇదే మనిషి 2018లో ‘మై మిస్టర్’ తీశాడు, అందులోనూ ఐయునే. అప్పులవాళ్లు వెంటపడుతుంటే, మాట వినపడని నానమ్మని సాకుతూ, ఆఫీసులో ఊరికే దొరికే కాఫీ పొడి పాకెట్లు రాత్రి ఆకలికి ఇంటికి పట్టుకుపోయే తాత్కాలిక ఉద్యోగి. హీరో లీ సున్-క్యున్ భవనాల ఇంజినీరు, నలభై దాటినవాడు. పోస్టరు చూసి ముసలాడికీ చిన్నపిల్లకీ ప్రేమకథేమో అనుకుని నేను రెండేళ్లు ముట్టుకోలేదు. తప్పు నాదే. వాళ్లిద్దరి మధ్యా ఉన్నదానికి తెలుగులో నాకు పేరు దొరకలేదు. ఆ నానమ్మని సూపర్‌మార్కెట్ బండిలో కూర్చోబెట్టి నెట్టుకుంటూ చందమామని చూపించడానికి తీసుకెళ్లే సీను దగ్గర లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. మొదటి మూడు ఎపిసోడ్లు చీకటిగా, బరువుగా ఉంటాయి, మనసు బాగోనప్పుడు పెట్టొద్దు. ఆ నటుడు 2023 డిసెంబరులో పోయాడు, ఇప్పుడు చూస్తే ఆ ముఖంలో అలసట ఇంకోలా కనిపిస్తుంది.

‘రిప్లై 1988’ మీరు చూసేసి ఉంటారు, 2015 నాటిది. చూడకపోతే మాత్రం నేను అసూయపడతాను, మొదటిసారి చూసే అదృష్టం ఇంకా మీకుంది. సియోల్‌లో స్సాంగ్‌మున్‌దోంగ్ అనే పేటలో ఒకే సందులో ఐదు కుటుంబాలు. మొదటి ఎపిసోడ్‌లోనే రాత్రి అన్నాల వేళ ఒకమ్మ కూర గిన్నె ఇచ్చి పక్కింటికి పంపుతుంది, ఆ ఇంటావిడ ఖాళీ గిన్నె పంపకుండా ఇంకేదో వేసి పంపుతుంది, పిల్లలు సందంతా గిన్నెలతో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, చివరికి అందరి బల్లల మీదా అందరి కూరలూ. మా అమ్మ కూడా గిన్నె ఖాళీగా తిరిగి పంపేది కాదు, ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసేది. 20 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటన్నర దాకా కూడా ఉంటుంది, అయినా నాకు పొడవనిపించలేదు. హీరోయిన్‌కి చివరికి మొగుడెవరన్నది దాచిపెట్టి ఆడించడం మాత్రం నాకు చిరాకు. దాని మీద ఇప్పటికీ రెండు వర్గాలుగా కొట్టుకుంటున్నారు, నేను ఏ వర్గమో చెప్పను.

ఇక్కడ భాష గురించి ఒక మాట, ఎందుకంటే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసేవాళ్లకి సగం మజా ఇక్కడే పోతోంది. కొరియన్‌లో నువ్వు, మీరు లాంటి తేడా మన కంటే గట్టిగా ఉంటుంది, క్రియాపదం చివరే మారిపోతుంది. ఇద్దరు ప్రేమికులు ‘ఇక నుంచి మీరు మానేద్దామా’ అనుకోవడం అక్కడ పెద్ద ఘట్టం. ఇంగ్లీషులో అంతా ఒకటే ‘యూ’, కాబట్టి ఆ అమ్మాయి ఎందుకు సిగ్గుపడిందో అర్థం కాదు. మనకి చెప్పక్కర్లేదు. అలాగే ‘ఒప్పా’ అంటే ఆడపిల్ల తనకంటే పెద్దవాడైన అన్నని పిలిచే మాట, ప్రియుడినీ అదే అంటుంది. అన్నయ్య అని తెలుగులో పెడితే కొంప మునిగినట్టే, నా మట్టుకు నేను మనసులో ‘బావ’ అని పెట్టుకుని చూస్తాను, చక్కగా అతుకుతుంది. కొన్నిటికి తెలుగు డబ్బింగులు కూడా వస్తున్నాయి. మా అత్తగారి కోసం వాటిని వెతుకుతాను కానీ, నాకు ఆ గొంతుల్లో ఏడుపు వినాలి, కాబట్టి అసలు భాషే పెట్టుకుంటాను.

ఇక జపాన్. మీకు కునుకెందుకు పడుతుందంటే మీరు వాటిని కొరియన్ డ్రామాలా చూస్తున్నారు, రాత్రికి నాలుగు చొప్పున. వారానికి ఒకటే చూస్తారనే నమ్మకంతో తీసినవి అవి. ఒక్కో ఎపిసోడ్‌కీ ఒక చిన్న కథ మొదలై ముగిసిపోతుంది, ఆఖర్లో ఉత్కంఠతో వేలాడదీయడం తక్కువ. అసలు దారం అడుగున సన్నగా సాగుతుంది. వరసపెట్టి చూస్తే ఆ సన్నటి దారం కనపడదు, మళ్లీ మళ్లీ వచ్చే అచ్చు మాత్రమే కనిపిస్తుంది. ఆవకాయ బాగుంది కదా అని జాడీ పెట్టుకుని తింటామా?

2018లో వచ్చిన ‘అన్‌నాచురల్’ మీద నేనే ఈ తప్పు చేశాను. అనుమానాస్పద మరణాల మీద పోస్ట్‌మార్టం చేసే ఒక ల్యాబు, సతోమి ఇషిహారా అందులో డాక్టరు, వారానికో శవం. ఒక ఆదివారం ఐదు ఎపిసోడ్లు చూసి, ‘ఇంతేనా’ అని వదిలేశాను. ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెట్టి, రోజుకొకటి చూశాను. అప్పుడు తెలిసింది, రాసిన అకికో నోగి మొదటి ఎపిసోడ్ నుంచే ఆఖరి దానికి కావాల్సినవి అక్కడక్కడా పడేసుకుంటూ వెళ్లిందని. పది ఎపిసోడ్లు, ఒక్క నిమిషం దండగ లేదు. చచ్చిపోయినవాళ్ల గురించి ఇంత మాట్లాడుతూ కూడా అందులో జనం కడుపునిండా తింటూ ఉంటారు, అది నాకు భలే నచ్చింది.

ఈమధ్య చూసిన జపాన్ వాటిలో నాకు బాగా నచ్చింది 2023 నాటి ‘బ్రష్ అప్ లైఫ్’. పెద్ద స్టార్ల ప్రేమ లేదు, విలన్ లేడు. చిన్న ఊళ్లో మున్సిపల్ ఆఫీసులో పనిచేసే 33 ఏళ్ల అసామి అనే అమ్మాయి, లారీ గుద్ది పోతుంది (చూశారా, జపాన్‌కీ వచ్చాడు). కళ్లు తెరిస్తే తెల్లటి గది, ఒక గుమాస్తా. వచ్చే జన్మలో మీరు గ్వాటెమాలాలో చీమలు తినే జంతువు అని చాలా మర్యాదగా చెప్తాడు. ఆ గుమాస్తా పాత్ర వేసింది ఈ డ్రామా రాసిన బకరిజుమే. అది ఇష్టం లేకపోతే ఇదే జన్మ మళ్లీ మొదటి నుంచి బతికి పుణ్యం పెంచుకోవచ్చంటాడు. ఆమె సరే అంటుంది. పుట్టిన దగ్గర్నుంచి అన్నీ గుర్తుంటాయి, కాబట్టి పసిపాపగా ఉయ్యాల్లో పడుకుని విసుగెత్తిపోతూ ఉంటుంది. రెండో జన్మలో ఫార్మసిస్టు అవుతుంది, అక్కడ నేను లేచి చప్పట్లు కొట్టాను, మా వృత్తి మీద ఇంత గౌరవం మన సినిమాల్లో ఎప్పుడు చూశాం!

మన కర్మ సిద్ధాంతాన్ని వాళ్లు రేషన్ ఆఫీసు కౌంటరు దగ్గర పెట్టినట్టు ఉంటుంది అది. అయితే అసలు కథ పుణ్యం గురించి కాదు, ఆమె చిన్నప్పటి స్నేహితురాళ్ల గురించి. అందరూ కూర్చుని పనికిరాని కబుర్లు చెప్పుకుంటారు, స్కూల్లో ఎవరు ఏ పాట పాడేవాళ్లు, ఎవరి పుట్టినరోజుకి ఎవరు ఏమిచ్చారు. పది నిమిషాల పాటు ఏమీ జరగదు. మీరు ఫోన్ తీసేది సరిగ్గా అక్కడే, తీయకండి. ఆరో ఏడో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఆ కబుర్లు పోతాయేమోనని మీకే గుండె పట్టుకుంటుంది. సకురా అందో అనే ఆ నటి ముఖం కదపకుండా నవ్విస్తుంది.

దానికి పూర్తిగా వ్యతిరేకం ‘అసురా’. 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, సినిమాలు తీసే హిరోకాజు కొరేఎదా దర్శకుడు, ఏడే ఎపిసోడ్లు. కునికో ముకోదా 1979లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం రాసిన డ్రామాని మళ్లీ తీశారు, కాలం కూడా ఆ 1979నే ఉంచారు. డెబ్భైకి దగ్గరపడ్డ తండ్రికి ఇంకో ఇల్లు ఉందని నలుగురు అక్కచెల్లెళ్లకి తెలుస్తుంది. అమ్మకి తెలియకూడదు అని నలుగురూ ఒట్టేసుకుంటారు. ఆ నలుగురిలో పెద్దావిడ స్వయంగా ఒక పెళ్లైనవాడితో తిరుగుతూ ఉంటుంది, రెండో ఆవిడకి తన మొగుడి మీదే అనుమానం. నాకు పెద్దమ్మలు, పిన్నులు కలిపి ఐదుగురు. పండక్కి అందరూ చేరితే వంటింట్లో నడిచే మాటలు, ఒకళ్లు లేచి వెళ్లగానే వాళ్ల గురించి మొదలయ్యేవి, అచ్చం అవే. గట్టిగా అరుచుకుంటారు, అరగంటకి ఒకళ్ల ప్లేట్లోంచి ఇంకొకళ్లు తీసుకుని తింటారు. అమ్మకి తెలుసా లేదా అన్నది మీరే చూసుకోండి. ఏడు ఎపిసోడ్లనీ ఏడు రాత్రులు చూడండి, తొందరపడితే అది చేదుగా మాత్రమే మిగులుతుంది.

‘క్వార్టెట్’ గురించి రెండు ముక్కలు. 2017 నాటిది, యుజి సకమోతో రాశాడు. మొదటి ఎపిసోడ్‌లో నలుగురు భోజనానికి కూర్చుంటే, ఒకతను అందరి చికెన్ మీదా అడక్కుండా నిమ్మకాయ పిండేస్తాడు, దాని మీద పెద్ద చర్చ జరుగుతుంది. పిండాక వెనక్కి తీయలేం కదా అని ఇంకొకతని బాధ. మన పెళ్లి భోజనాల్లో ఎవరైనా అడక్కుండా మన అన్నంలో పెరుగు వడ్డించేస్తే ఎలా ఉంటుందో అలా. తిక్కగా ఉందే అనుకుంటాం, తీరా చూస్తే మొత్తం డ్రామా ఆ నిమ్మకాయ గురించే. ఇదే రచయిత 2010లో రాసిన ‘మదర్’ని కొరియావాళ్లు 2018లో మళ్లీ తీశారు, టర్కీవాళ్లూ తీశారు.

మళ్లీ తీయడం అన్నాను కాబట్టి, నేను చెప్పిన ఈ 16, 10 ఎపిసోడ్ల లెక్క నిజమో కాదో మీరే పరీక్షించుకోవాలంటే ‘సిగ్నల్’ రెండూ చూడండి. కొరియాది 2016, 16 ఎపిసోడ్లు. జపాన్‌ది 2018, 10 ఎపిసోడ్లు. రాత్రి 11:23కి పాత వాకీటాకీ మోగుతుంది, ఆ పక్కన మాట్లాడేది గతంలో ఉన్న పోలీసు. కథ ఒకటే, కేసులూ చాలావరకు అవే. కొరియాదాంట్లో ఆ పోలీసు మూగగా ప్రేమించిన అమ్మాయి, అతను ఒంటరిగా సినిమా హాల్లో కూర్చుని ఏడ్చే సీను, ఇలాంటివాటికి బోలెడు చోటుంది. జపాన్‌దాంట్లో కేసు వెనక కేసు చకచకా వెళ్లిపోతుంది, ఏమైందో తెలుస్తుంది కానీ ఎవరి మీదా బెంగ పుట్టదు. ఇక్కడ నా ఓటు కొరియాకే. అదే ‘మిడ్‌నైట్ డైనర్’కి వచ్చేసరికి తిరగబడింది, 25 నిమిషాల జపాన్ ముద్దని కొరియాలో మళ్లీ వండితే ఆ రుచి రాలేదు.

నేను మొదట చూసిన ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ కూడా ఇలా తిరిగిందే. యోకో కామియో గీసిన జపాన్ బొమ్మల కథ, 2001లో తైవాన్‌లో, 2005లో జపాన్‌లో, 2009లో కొరియాలో డ్రామా అయింది. కొరియాదాంట్లో ఆ డబ్బున్న కుర్రాడు అమ్మాయి చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోవడం అప్పట్లో ముద్దొచ్చింది. మొన్న మళ్లీ పెడితే మూడో ఎపిసోడ్ దాటలేకపోయాను. వాడిని తన్నాలనిపించింది, మా రూమ్మేట్‌కి ఫోన్ చేసి చెప్తే తనకీ అంతేనట.

మతిమరుపు కథలు ఇష్టమైతే ‘ఫస్ట్ లవ్’ ఉంది, 2022, తొమ్మిది ఎపిసోడ్లు, జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో మంచు, ఉతాదా హికారు పాడిన పాత పాట. ప్రమాదంలో గతం మర్చిపోయిన అమ్మాయి టాక్సీ నడుపుతూ ఉంటుంది. కొరియన్ డ్రామాల మీద వేసే జోకంతా మతిమరుపు మీదే కదా, అందుకని మొదట నవ్వుకున్నాను. 2002లో మతిమరుపు కథతోనే వచ్చిన కొరియన్ ‘వింటర్ సొనాటా’ జపాన్‌ని ఊపేసింది, 2004 నవంబరులో ఆ హీరో బే యోంగ్-జూన్ తోక్యో విమానాశ్రయంలో దిగితే వేలమంది, ఎక్కువగా మధ్యవయసు ఆడవాళ్లు, ఎదురెళ్లారు. ఇరవై ఏళ్లకి జపాన్‌వాళ్లు అదే సరుకుని తమ పద్ధతిలో, తొందర లేకుండా తీశారు. ఆ టాక్సీ అమ్మాయిగా వేసిన మిత్సుషిమా హికారి ముఖం కోసం ‘ఫస్ట్ లవ్’ చూడొచ్చు. ఆఖరి ఎపిసోడ్ నాకు కొంచెం తియ్యదనం ఎక్కువైంది.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. ‘హన్‌జావా నవోకి’, 2013లో దాని ఆఖరి ఎపిసోడ్‌కి తోక్యో ప్రాంతంలో 42.2 శాతం రేటింగ్ వచ్చింది, బ్యాంకు ఉద్యోగి తనని తొక్కిన పైఅధికారులకి రెట్టింపు బదులు తీరుస్తాడు. మా ఆయన బ్యాంకులోనే పని చేస్తారు, ఆయన కుర్చీ అంచున కూర్చుని చూశారు. నాకు ఆ అరుపులు, చెమట పట్టిన ముఖాలు దగ్గరగా చూపించడం ఒక ఎపిసోడ్‌కి సరిపోయాయి. ‘స్క్విడ్ గేమ్’ మొదటి సీజన్ బాగుంది, మిగతావి లేకపోయినా ఏం నష్టం లేదు. ‘ఇతేవాన్ క్లాస్’ సగం దాకా అద్భుతం, తర్వాత మీకు తెలిసిన జబ్బే.

జపాన్‌వి ఇక్కడ ఎక్కువ దొరకవు, అది నిజమే. వాళ్లకి సొంత మార్కెట్టే పెద్దది, బయటికి అమ్ముకోవాలనే అవసరం చాలాకాలం పడలేదు. కొరియావాళ్లు మొదటి నుంచీ బయటి మార్కెట్ మీద కన్నేశారు. నెట్‌ఫ్లిక్స్ వచ్చాక కొంత నయం, వికీ అనే యాప్‌లోనూ కొన్ని ఉంటాయి.

కాబట్టి నా మాట వింటే, ఒక కొరియన్, ఒక జపాన్ రెండూ పక్కపక్కన నడపండి. శని, ఆదివారాల్లో రోజుకొక కొరియన్ ఎపిసోడ్, అక్కడ అవి టీవీలో వచ్చే పద్ధతిలోనే. మామూలు రోజుల్లో రాత్రి ఒక్క జపాన్ ఎపిసోడ్. కొరియన్ పదో ఎపిసోడ్ దగ్గర విసుగొస్తే మానేయండి, మొహమాటం అక్కర్లేదు, పుస్తకం పేజీ మడిచి పెట్టినట్టు పెట్టేయండి, మళ్లీ బుద్ధి పుడితే చూడొచ్చు. నావి అలా మడిచినవి ఓ పదిహేనుంటాయి.

జపాన్‌కి మొదలు ‘మిడ్‌నైట్ డైనర్’ తోనే పెట్టండి. తోక్యోలోని షింజుకులో ఒక సందు, అర్ధరాత్రి 12కి తెరిచి పొద్దున ఏడింటికి మూసే చిన్న హోటలు, మెనూలో పంది మాంసం సూప్ భోజనం ఒక్కటే, మిగతాది మీరేం అడిగితే అది, సరుకులుంటే చేసిపెడతాడు. కౌరు కొబయాషి ఆ యజమాని, కంటి మీద గాటు, అది ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. ఒక రౌడీ రోజూ వచ్చి ఎర్ర సాసేజ్‌లని చిన్నపిల్లలకి చేసినట్టు ఆక్టోపస్ ఆకారంలో కోయించుకుని తింటాడు. ఒక్కటే చూసి టీవీ కట్టేయండి. ఇంకోటి, ముందు భోంచేసి కూర్చోండి, నేను ఖాళీ కడుపుతో పెట్టి రాత్రి పన్నెండింటికి గుడ్డు పొరటు చేసుకున్నాను.